ఫిల్మ్‌ఫ్రీవే: తెలుగు షార్ట్ ఫిల్మ్‌కి ఎంతవరకు పనికొస్తుంది?

మిక్సింగ్ పూర్తయిన రాత్రే సినిమాని యూట్యూబ్‌లో పెట్టేసి, లింకు వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపేయడం మన షార్ట్ ఫిల్మ్ దర్శకుల్లో చాలామందికి అలవాటు. ఆ తొందర అర్థం చేసుకోదగ్గదే. నెలల తరబడి కష్టపడి, స్నేహితుల దగ్గర చేబదుళ్లు తెచ్చి తీసిన సినిమాని ఇంకా దాచిపెట్టుకోవడం ఎవరికైనా కష్టం. కానీ వారం గడిచి వ్యూస్ ఆగిపోయాక, ఎవరో "ఫెస్టివల్స్‌కి పంపలేదా?" అని అడిగితే అప్పుడు, సినిమాల్ని ఫెస్టివల్స్‌కి ఆన్‌లైన్‌లో పంపే ఫిల్మ్‌ఫ్రీవే సైటులో ఖాతా తెరుస్తారు. అప్పటికి కొన్ని పెద్ద తలుపులు మూసుకుపోయి ఉంటాయి. ఈ సమీక్ష ఆ అప్‌లోడ్ బటన్ ఇంకా నొక్కని వాళ్ల కోసం.

కెనడాలోని వాంకూవర్ నుంచి నడిచే ఫిల్మ్‌ఫ్రీవే 2014లో మొదలైంది. అంతకుముందు ఫెస్టివల్ ఎంట్రీల వ్యవహారం ఎక్కువగా వితౌటెబాక్స్ అనే సైటు చేతిలో ఉండేది. 2008లో అమెజాన్ వారి సినిమా సమాచార సైటు ఐఎండీబీ దాన్ని కొన్నది, 2019లో మూసేసింది. ఇప్పుడు ప్రపంచంలోని చిన్నా మధ్యస్థాయి ఫెస్టివల్స్‌లో అత్యధికం ఫిల్మ్‌ఫ్రీవేలోనే ఎంట్రీలు తీసుకుంటాయి. దర్శకుడు ఖాతా తెరవడానికి గానీ, సినిమా పేజీ తయారుచేసుకోవడానికి గానీ ఏమీ కట్టక్కర్లేదు. ఎంట్రీ ఫీజు ఎంతో ఆయా ఫెస్టివల్ నిర్ణయిస్తుంది, అందులో కొంత వాటా సైటుకి పోతుంది.

తీర్పు ముందే చెప్పేస్తాను. సినిమాని పంపడానికి ఇంతకన్నా సుళువైన సాధనం ప్రస్తుతం లేదు. ఎవరికి పంపాలో చెప్పే సలహాదారుగా మాత్రం దీన్ని నమ్ముకోకూడదు. అసలు ఫెస్టివల్స్‌నీ, డబ్బు తీసుకుని సర్టిఫికెట్ పంపే దుకాణాల్నీ ఒకే వరసలో, ఒకే అందమైన పేజీలో చూపిస్తుంది. తేడా పట్టుకోవాల్సింది మనమే.

సినిమా పేజీ

ఒక్కసారి పేజీ నింపితే చాలు, ఆ తర్వాత ఎన్ని ఫెస్టివల్స్‌కైనా రెండు మూడు క్లిక్కుల్లో పంపవచ్చు. ఇదే ఈ సేవలో అన్నిటికన్నా మెచ్చుకోదగ్గ విషయం. సారాంశం, దర్శకుడి పరిచయం, దర్శకుడి మాట, నటీనటులు, సాంకేతిక బృందం, నిడివి, పూర్తయిన తేదీ, బడ్జెట్, తీసిన దేశం, భాష, ఫ్రేమ్ నిష్పత్తి, స్టూడెంట్ ప్రాజెక్టా కాదా, తొలి సినిమానా కాదా అన్నవన్నీ అడుగుతుంది. ఆ చివరి రెంటినీ చాలామంది పట్టించుకోరు. స్టూడెంట్ విభాగానికి చాలా ఫెస్టివల్స్‌లో ఫీజు తక్కువ. హైదరాబాద్‌లో అన్నపూర్ణ కాలేజీలోనో, పుణేలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలోనో, కోల్‌కతాలో సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లోనో చదువుతూ తీసిన సినిమా అయితే ఆ గడి తప్పక టిక్ చేయాలి, కాలేజీ పేరు రాయాలి.

దర్శకుడి మాట దగ్గర మనవాళ్లు ఎక్కువగా జారిపోతారు. "చిన్నప్పటి నుంచి సినిమా అంటే పిచ్చి" అని మొదలయ్యే పేరాలు ఎంపిక చేసేవాళ్లు రోజుకి ఎన్నో చూస్తారు. వాళ్లకి కావాల్సింది ఈ కథ ఎక్కడ పుట్టింది, దీన్ని ఇలాగే ఎందుకు తీశారు అన్న రెండు సంగతులు. చేనేత మగ్గం చుట్టూ తిరిగే కథైతే, ఆ మగ్గం చప్పుడుని లొకేషన్‌లోనే రికార్డ్ చేశామని చెప్పిన ఒక్క వాక్యం పేజీ నిండా పొగడ్తల కన్నా మేలు. 120 నుంచి 150 పదాలు చాలు.

స్టిల్స్ సినిమా ఫ్రేముల్లోంచే తీయాలి. కెమెరా పక్కన దర్శకుడు వేలు చూపిస్తున్న వర్కింగ్ స్టిల్ ఫేస్‌బుక్‌కి బాగుంటుంది, ఫెస్టివల్ కేటలాగ్‌కి పనికిరాదు. ఎడిటింగ్ టైమ్‌లైన్ నుంచి పూర్తి రిజల్యూషన్‌లో ఐదు ఫ్రేములు ఎగుమతి చేసి పెట్టుకోండి. ఎంపికైన తర్వాత రెండు రోజుల్లో పంపమంటారు, అప్పుడు ఎడిటర్ ఊళ్లో ఉండడు.

స్క్రీనర్: ఎక్కువ సినిమాలు తడబడేది ఇక్కడే

ఎంపిక బృందం చూసే కాపీని స్క్రీనర్ అంటారు. ఫైలుని నేరుగా ఫిల్మ్‌ఫ్రీవేకి ఎక్కించవచ్చు, లేదా విమియో అనే వీడియో సైటు లింకు గానీ, యూట్యూబ్ లింకు గానీ ఇవ్వవచ్చు. నేరుగా ఎక్కించడమే మంచిదని నా అభిప్రాయం. లింకు చెడిపోయే బెడద ఉండదు, తర్వాత సరిచేసిన కాపీ పెట్టాలంటే పాతది తీసి కొత్తది ఎక్కిస్తే సరిపోతుంది.

లింకు ఇవ్వదలిస్తే విమియోలో పాస్‌వర్డ్ పెట్టి ఇవ్వండి. ఆ పాస్‌వర్డ్‌ని దాని గడిలో రాయడం మర్చిపోవద్దు, తర్వాత మార్చొద్దు. యూట్యూబ్ అయితే "అన్‌లిస్టెడ్" ఉండాలి. "ప్రైవేట్" అని పెడితే మనం మెయిల్ ఐడీ ఇచ్చి పిలిచినవాళ్లు తప్ప ఇంకెవరూ తెరవలేరు. గూగుల్ డ్రైవ్ లింకు అస్సలు వద్దు. అనుమతి అడిగే పేజీ వస్తుంది, లేదంటే ప్రాసెసింగ్ పూర్తికాక మసకగా ప్లే అవుతుంది. ఒక రాత్రిలో ముప్పై సినిమాలు చూడాల్సిన మనిషి మనకి మెయిల్ రాసి అనుమతి అడగడు, తర్వాతి సినిమాకి వెళ్లిపోతాడు. ఏది పెట్టినా చివర్లో వేరే ఫోన్లో, లాగిన్ లేకుండా ఒకసారి తెరిచి చూడండి.

ఫైలు సంగతి: 1080పీ, హెచ్.264, ఎంపీ4, 10 నుంచి 15 ఎంబీపీఎస్ బిట్‌రేట్ చాలు. 12 ఎంబీపీఎస్ లెక్కన 15 నిమిషాల సినిమా దాదాపు 1.35 జీబీ అవుతుంది. మన ఇళ్లల్లోని ఇంటర్నెట్‌కి అది మోయగల బరువే. ప్రోరెస్ మాస్టర్ (పూర్తి నాణ్యతతో ఉండే భారీ ఫైలు) ఎక్కించడానికి తెల్లవార్లూ కూర్చోవాల్సిన పని లేదు.

మొదటి రెండు నిమిషాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన షార్ట్ ఫిల్మ్స్‌లో బ్యానర్ లోగో, సమర్పకుడి లోగో, ఛానల్ లోగో, దేవుడి ఫోటో, ప్రత్యేక కృతజ్ఞతలు, పొగతాగడం హానికరం అన్న హెచ్చరిక, ఆ తర్వాత టైటిల్స్. కథ మొదలయ్యేసరికి ఒకటిన్నర నిమిషం గడుస్తుంది. విదేశీ ఫెస్టివల్ స్క్రీనర్‌కి ఇవేవీ అక్కర్లేదు. ఒక్క లోగో, వెంటనే కథ. కృతజ్ఞతలన్నీ చివరి టైటిల్స్‌లోకి పోవాలి.

నిడివి కూడా అంతే ముఖ్యం. షార్ట్ ఫిల్మ్స్‌ని ఆరేడు కలిపి గంటన్నర కట్టగా ప్రదర్శిస్తారు. 28 నిమిషాల సినిమా వేస్తే రెండు మూడు సినిమాల చోటు పోతుంది. అంటే మన సినిమా వాటన్నిటికన్నా మంచిదై ఉండాలి. 12 నుంచి 15 నిమిషాల్లో ముగించగలిగిన కథని 25 నిమిషాలు లాగితే సగం ఫెస్టివల్స్ నిడివి దగ్గరే ఆగిపోతాయి. కాన్ షార్ట్ ఫిల్మ్ పోటీకి టైటిల్స్‌తో కలిపి 15 నిమిషాలు దాటకూడదు. బెర్లిన్ షార్ట్స్ విభాగానికి 30 నిమిషాలు. ఆస్కార్ నిబంధనల్లో షార్ట్ ఫిల్మ్ అంటే టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాల లోపు. ఎడిట్ లాక్ చేయకముందే ఈ అంకెలు ఎడిటింగ్ టేబుల్ మీద ఉండాలి.

సబ్‌టైటిల్స్

తెలుగు సినిమాని తెలుగు తెలియనివాళ్లు చూడబోతున్నారు. కెమెరా అద్దెకి యాభై వేలు పెట్టినవాళ్లు కూడా సబ్‌టైటిల్స్‌ని బాగా ఇంగ్లిష్ వచ్చిన తమ్ముడికి అప్పజెప్పి ఒక్క రాత్రిలో అయిపోవాలంటారు. మంచి సినిమాలు వెనక్కి రావడానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే.

కొలతలు ముందు. ఒక వరుసలో 42 అక్షరాలకి మించకూడదు, రెండు వరుసలు దాటకూడదు. సెకనుకి సుమారు 17 అక్షరాలు చదవగలరని లెక్క. అంటే రెండు సెకన్ల డైలాగ్‌కి 34 అక్షరాలే దక్కుతాయి. గోదావరి యాసలోనో, తెలంగాణ యాసలోనో గుక్కతిప్పుకోకుండా మాట్లాడే పాత్ర ఉంటే ప్రతి మాటా అనువదించడం కుదరదు. భావం ఉంచి మాటలు తగ్గించాలి. షాట్ మారే చోట సబ్‌టైటిల్ ఇంకా తెర మీద వేలాడకుండా చూడాలి.

ఇక భాష. మన ఇళ్లలో బయల్దేరే మనిషి "వస్తాను" అంటాడు. దాన్ని మాటకి మాట మారిస్తే వెళ్లిపోతున్నవాడు వస్తున్నానని చెప్పినట్టవుతుంది, చూసేవాడు తికమకపడతాడు. "నీ బొంద" అన్న విసుగుని గొయ్యి అని రాసిన సబ్‌టైటిల్స్ కూడా ఉన్నాయి. అన్నిటికన్నా కష్టం "మీరు" నుంచి "నువ్వు"లోకి మారే క్షణం. మామగారిని అంతవరకూ "మీరు" అన్న అల్లుడు కోపంలో "నువ్వు" అనడమే ఆ సన్నివేశానికి ప్రాణం కావచ్చు. ఇంగ్లిష్‌లో ఆ తేడా లేదు. అంతకుముందు సబ్‌టైటిల్స్‌లో గౌరవ సంబోధన వాడుతూ వచ్చి, ఆ క్షణంలో పేరుపెట్టి పిలిపిస్తేనే దెబ్బ తగులుతుంది. బావ, వదిన, మరదలు లాంటి పిలుపుల్ని ప్రతిసారీ బంధుత్వం పేరుగా మార్చక్కర్లేదు. మొదటిసారి సంబంధం తెలిస్తే చాలు, తర్వాత పాత్ర పేరు వాడవచ్చు.

తెర మీద కనిపించే తెలుగు అక్షరాల్నీ మర్చిపోతారు. తహశీల్దార్ ఆఫీసు బోర్డు, ఫోన్‌లో వచ్చిన మెసేజ్, గోడ మీద రాత, నేపథ్యంలో వినిపించే పాట సాహిత్యం కథకి అవసరమైతే అన్నిటికీ సబ్‌టైటిల్ ఉండాలి. క్లైమాక్స్ అంతా ఒక ఉత్తరం మీద నడుస్తూ, ఆ ఉత్తరానికి అనువాదం లేకపోతే సినిమా చేరనట్టే.

స్క్రీనర్‌లో సబ్‌టైటిల్స్‌ని బొమ్మ మీదే ముద్రించేయండి. సబ్‌టైటిల్స్ మాటలు, వేళలు మాత్రమే ఉండే ఎస్‌ఆర్‌టీ ఫైలు విడిగా దాచుకోండి. ఎంపికయ్యాక ఫ్రాన్స్‌లోనో, స్పెయిన్‌లోనో వాళ్ల భాషలోకి మార్చుకోవడానికి సబ్‌టైటిల్స్ లేని కాపీ, ఎస్‌ఆర్‌టీ రెండూ అడుగుతారు.

తెలుగు టైటిల్స్ గురించి ఒక చిన్న జాగ్రత్త. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో గ్రాఫిక్స్ సెట్టింగుల్లో దక్షిణాసియా టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. "స్త్రీ" అన్న మాట అక్షరాల గుట్టలా కనిపిస్తుంది. యూనికోడ్ ఫాంట్ వాడి, చివరి ఎగుమతి తర్వాత తెలుగు చదవగలిగిన మనిషితో ప్రతి టైటిల్ కార్డూ చదివించండి.

ఏ ఫెస్టివల్ అసలైనది?

ఫిల్మ్‌ఫ్రీవే వెతుకులాట పేజీలో మంచి జల్లెడలున్నాయి. ఎంట్రీ ఫీజు పరిధి, దేశం, ఎన్నేళ్లుగా నడుస్తోంది, ఆస్కార్ అర్హత ఉందా (అంటే అక్కడ గెలిస్తే ఆస్కార్‌కి పోటీపడే వీలుందా), బ్రిటన్ వాళ్ల బాఫ్టా అవార్డుల అర్హత ఉందా, ప్రేక్షకుల ముందు జరుగుతుందా, ఆన్‌లైన్‌లోనా అన్నవాటితో వడపోయవచ్చు. వీటిలో "ఎన్నేళ్లు", "ప్రత్యక్ష ప్రదర్శన" అన్న రెండూ పెడితేనే సగం తాలు ఎగిరిపోతుంది.

మిగిలినదాన్ని చేత్తో ఏరాలి. నెలనెలా అవార్డులిచ్చేది, వేదిక చిరునామా లేనిది, వంద విభాగాలున్నది, గెలిచాక ట్రోఫీకీ సర్టిఫికెట్‌కీ విడిగా డబ్బు అడిగేది, పంపిన రెండో రోజే "అభినందనలు" అని మెయిల్ పంపేది, ఒకే నిర్వాహకుడి పేరు మీద పది నగరాల పేర్లతో నడిచేది కనిపిస్తే వదిలేయండి. గట్టి పరీక్ష ఒకటుంది. గత ఏడాది ఆ ఫెస్టివల్‌లో ఆడిన షార్ట్ ఫిల్మ్స్ జాబితా, ప్రదర్శన వేళలతో సహా వాళ్ల సొంత సైటులో ఉందా? హాలు నిండా మనుషులున్న ఫోటోలున్నాయా? ఆ జాబితాలోని ఒక దర్శకుడికి మెసేజ్ పెట్టి "వెళ్లారా, ఎంతమంది చూశారు?" అని అడగండి. దర్శకులు ఒకరికొకరు నిజమే చెప్పుకుంటారు.

సైటులో కనిపించే నక్షత్రాల రేటింగుల్ని తేలిగ్గా తీసుకోవాలి. రివ్యూలు రాసేది సినిమా పంపినవాళ్లే. అవార్డు వచ్చినవాడు ఐదు నక్షత్రాలిస్తాడు, రానివాడు చాలావరకు ఏమీ రాయడు. అందుకే ఎక్కువ ఫెస్టివల్స్ ఐదుకి దగ్గర్లోనే కనిపిస్తాయి. మాటల్లో మాత్రం సమాచారం దొరుకుతుంది. "మమ్మల్ని స్టేషన్ నుంచి తీసుకెళ్లారు, ప్రదర్శన తర్వాత ఇరవై నిమిషాలు ప్రశ్నలడిగారు" అని రాసిన రివ్యూ ఉంటే అక్కడ హాలు ఉందని అర్థం. "అద్భుతమైన ఫెస్టివల్, ధన్యవాదాలు" అన్నవి యాభై ఉన్నా వాటితో ఏమీ తేలదు.

పోస్టర్ మీద ఆకుల దండల మధ్య పేర్లు వేసుకునే లారెల్స్ విషయమూ ఇక్కడిదే. 2020లో వచ్చిన తెలుగు షార్ట్ ఫిల్మ్ ‘మనసానమః’ 513 అవార్డులతో గిన్నిస్ రికార్డుకెక్కింది. ఒక తెలుగు షార్ట్ ఫిల్మ్ ప్రపంచమంతా అంత దూరం తిరగగలదని అది చూపించింది. అయితే అంత విస్తారంగా పంపే ఓపిక, డబ్బు అందరి దగ్గరా ఉండవు. పది ఎంట్రీలకే డబ్బున్న దర్శకుడు లెక్క మీద కాకుండా పేరు మీద దృష్టి పెట్టాలి. ఎవరూ వినని పన్నెండు లారెల్స్ కన్నా, ఎంపిక బృందాలకి తెలిసిన ఒక్క పేరు పోస్టర్ మీద ఎక్కువ బరువు తూగుతుంది.

ఇక్కడే మన దగ్గరున్న గట్టి వేదికల్నీ చెప్పుకోవాలి. బెంగళూరు ఇంటర్నేషనల్ షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి ఆస్కార్ అర్హత హోదా ఉంది. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కితే పొద్దున దిగే దూరం. కేరళ చలచిత్ర అకాడమీ 2008 నుంచి తిరువనంతపురంలో డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ నడుపుతోంది. అక్కడ పొద్దున ఆటకి కూడా హాలు బయట వరుస కడతారు. ముంబయిలో 1990లో మొదలై రెండేళ్లకోసారి జరిగే ముంబయి ఇంటర్నేషనల్ ఫిల్మ్ ఫెస్టివల్ (ఎంఐఎఫ్ఎఫ్), 2012 నుంచి ధర్మశాలలో జరిగే ఫెస్టివల్ కూడా ఉన్నాయి. తొలి సినిమా దర్శకుడికి స్వయంగా వెళ్లి కూర్చోగలిగే ఫెస్టివల్ చాలా విలువైనది. తన సినిమా ఎక్కడ జనాన్ని పట్టుకుంది, ఎక్కడ వదిలేసిందో హాల్లో తెలిసినట్టు ఇంకెక్కడా తెలియదు.

అన్నీ ఫిల్మ్‌ఫ్రీవేలో ఉండవని కూడా గుర్తుంచుకోవాలి. కాన్, బెర్లిన్ సొంత సైట్ల ద్వారానే తీసుకుంటాయి. 1979లో మొదలైన ఫ్రాన్స్‌లోని క్లెర్మో ఫెరాన్ షార్ట్ ఫిల్మ్ ప్రపంచానికి పుట్టిల్లు లాంటిది, దాని తేదీలు విడిగా రాసి పెట్టుకోవాలి. మన జాతీయ చలనచిత్ర అవార్డులకి పంపాలంటే సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి. దానికి సమయం పడుతుంది కాబట్టి చివరి వారం దాకా ఆగకూడదు.

డబ్బు లెక్క

మధ్యస్థాయి ఫెస్టివల్‌లో షార్ట్ ఫిల్మ్ ఎంట్రీ సాధారణంగా 20 నుంచి 40 డాలర్ల మధ్య ఉంటుంది. 25 డాలర్ల చొప్పున పది ఫెస్టివల్స్ అంటే ఇరవై వేల రూపాయలు దాటుతుంది. దాని మీద బ్యాంకు విదేశీ మారకపు రుసుము, ఎక్కువ కార్డులకి 2 నుంచి 3.5 శాతం, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ. కార్డులో ఇంటర్నేషనల్ లావాదేవీలు ముందే ఆన్ చేసి, పరిమితి పెంచుకుని ఉండాలి. గడువు చివరి గంటలో కార్డు తిరస్కరించిందంటే చేయగలిగిందేమీ ఉండదు. గడువు ఏ దేశపు గడియారం ప్రకారమో కూడా ముందే చూసుకోండి.

ప్రతి ఫెస్టివల్‌కీ ముందస్తు, సాధారణ, ఆలస్య గడువులు వేరువేరుగా ఉంటాయి. ఆలస్య గడువులో ఫీజు చాలాచోట్ల ఒకటిన్నర రెట్లవుతుంది. ముందస్తుగా పంపితే డబ్బు మిగలడమే కాదు, ఎంపిక చేసేవాళ్ల కళ్లు ఇంకా అలిసిపోకముందే సినిమా వాళ్లముందు ఉంటుంది. కట్టిన ఫీజు మామూలుగా వెనక్కి రాదు. సినిమా ఉపసంహరించుకున్నా అంతే.

నెలసరి రుసుముతో గోల్డ్ సభ్యత్వం ఉంది, కొన్ని ఫెస్టివల్స్‌కి ఫీజులో తగ్గింపు ఇస్తుంది. మీ జాబితాలోని ఫెస్టివల్స్‌లో ఎన్నిటికి ఆ తగ్గింపు ఉందో ముందు చూసుకోండి. నాలుగైదింటికి ఉంటే ఒక్క నెలకి తీసుకుని, అన్నీ ఆ నెలలోనే పంపి, రద్దు చేసుకోవచ్చు. తక్కినవాళ్లకి అవసరం లేదు.

ఫీజు మినహాయింపు అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. అడగాలి. పంపకముందే, ఆరు వరుసల మెయిల్: సినిమా ఏమిటి, ఎంత నిడివి, ఆ ఫెస్టివల్‌కే ఎందుకు, స్క్రీనర్ లింకు, సొంత డబ్బుతో తీశామన్న సంగతి. కొందరు కోడ్ పంపుతారు, కొందరు కుదరదంటారు. పోయేదేమీ లేదు.

పాట హక్కులు, ప్రీమియర్ హోదా

ఎంపికయ్యాక సినిమాని ఆపేసే మొదటి చిక్కు సంగీతం. హీరో గదిలో రేడియోలో పాత సినిమా పాట మోగితే దానికి లేబుల్ (ఆ పాట హక్కులున్న మ్యూజిక్ కంపెనీ) నుంచి అనుమతి కావాలి. వేరే గాయకుడితో మళ్లీ పాడించినా బాణీకి, సాహిత్యానికి హక్కుదారులు ఉంటారు. పది సెకన్లు వాడితే ఫర్వాలేదన్నది ఉత్త అపోహ. కొత్త సంగీత దర్శకుడితో రాయించుకుని, ఒక కాగితం మీద హక్కుల ఒప్పందం సంతకం చేయించుకోవడమే శుభ్రమైన దారి. ఉచిత లైబ్రరీ నుంచి తీసుకున్నా ఆ రోజు లైసెన్స్ పేజీని పీడీఎఫ్‌గా దాచండి.

రెండోది మొదట్లో చెప్పిన యూట్యూబ్ సంగతి, అంటే సినిమా ఇంతకుముందు ఎక్కడా బయటికి రాలేదన్న ప్రీమియర్ హోదా. కాన్ పోటీకి సినిమా ఇంటర్నెట్‌లో వచ్చి ఉండకూడదు. ఆస్కార్‌కి అర్హత సంపాదించకముందే సినిమా మొత్తం ఆన్‌లైన్‌లో బహిరంగంగా ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. అయితే అందరూ ఇలా పట్టుబట్టరు. అమెరికాలోని సన్‌డాన్స్ ఫెస్టివల్ షార్ట్ ఫిల్మ్స్‌కి ప్రీమియర్ హోదా అడగదు. కాబట్టి ఆన్‌లైన్‌లో పెట్టేసిన సినిమాకి అన్ని దారులూ మూసుకుపోయాయని కుంగిపోనక్కర్లేదు, ఒక్కో ఫెస్టివల్ నిబంధన విడిగా చదవాలి. పెట్టనివాళ్లు మాత్రం పెద్దవాటి ఫలితాలు వచ్చేదాకా ఆగాలి.

ఎంపికైతే థియేటర్‌కి డీసీపీ, అంటే థియేటర్ ప్రొజెక్టర్లలో ఆడే డిజిటల్ కాపీ, అడుగుతారు. డీసీపీ-ఓ-మాటిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చు. చిక్కంతా ఫ్రేమ్ రేటుతో, థియేటర్లలో మామూలుగా సెకనుకి 24 ఫ్రేములు. 25 ఫ్రేములతో తీసిన సినిమాని 24కి నెమ్మదింపజేస్తే 15 నిమిషాల సినిమా సుమారు 37 సెకన్లు పెరుగుతుంది, గొంతులు కాస్త బరువెక్కుతాయి, దాన్ని సరిచేయాలి. ఫోన్‌తో 30లో తీస్తే కదలికలు తడబడతాయి. షూటింగ్ మొదటి రోజే 24కి పెట్టుకుంటే ఈ తంటా ఏదీ ఉండదు. యూట్యూబ్ కోసం గట్టిగా చేసిన మిక్స్‌ని అలాగే డీసీపీలో పెడితే హాల్లో చెవులు పగులుతాయి. థియేటర్‌కి విడిగా మిక్స్ చేయించి, కుదిరితే ప్రసాద్ ల్యాబ్స్ లాంటి ప్రివ్యూ థియేటర్లో ఒకసారి విని పంపండి.

ఫిల్మ్‌ఫ్రీవే చేయలేనిది

హైదరాబాద్‌లో ఫీచర్ సినిమా అవకాశం కోసం చూసేవాళ్లకి ఒక నిజం చెప్పాలి. షార్ట్ ఫిల్మ్స్‌తో మొదలై 2016లో ‘పెళ్ళిచూపులు’ తీసిన తరుణ్ భాస్కర్ గానీ, 2020లో ‘కలర్ ఫోటో’ తీసిన సందీప్ రాజ్ గానీ విదేశీ ఫెస్టివల్స్ జాబితా చూపించి పేరు తెచ్చుకున్నవాళ్లు కాదు. వాళ్ల చిన్న సినిమాల్ని తెలుగువాళ్లు యూట్యూబ్‌లో చూశారు, ఒకరికొకరు పంపుకున్నారు. మన నిర్మాతలు ఇప్పటికీ ముందు అడిగేది లింకే. 2024లో కాన్‌లో ఫిల్మ్ స్కూల్ విద్యార్థుల సినిమాలకి ఉన్న లా సినెఫ్ విభాగంలో మొదటి బహుమతి గెలిచిన చిదానంద ఎస్. నాయక్‌ది ఇంకో దారి: ఎఫ్‌టీఐఐలో తీసిన 16 నిమిషాల కన్నడ సినిమాతో ప్రపంచం దృష్టిలో పడ్డాడు. విదేశీ ల్యాబ్‌లు (స్క్రిప్టుకి మెరుగులు దిద్దే శిక్షణ శిబిరాలు), గ్రాంట్లు, గోవాలో జరిగే సినిమా మార్కెట్ వేవ్స్ ఫిల్మ్ బజార్ లాంటి చోట్లకి వెళ్లాలనుకునేవాళ్లకి ఫెస్టివల్ చరిత్ర ఉపయోగపడుతుంది. ఏ దారిలో వెళ్లాలో తేల్చుకున్నాకే ఫీజులు కట్టాలి.

ఫెస్టివల్ ప్రయాణానికి ఒక ఏడాది గడువు పెట్టుకుని, అది ముగిశాక ఆన్‌లైన్‌కి రావడం నాకు నచ్చే క్రమం. అప్పుడు షార్ట్ ఆఫ్ ది వీక్ లాంటి ఎంపిక చేసి చూపించే వేదికలకి పంపవచ్చు. విమియో స్టాఫ్ పిక్స్‌కి మాత్రం దరఖాస్తు లాంటిదేమీ లేదు, అక్కడివాళ్లే చూసి ఎంచుకుంటారు. తెలుగు యూట్యూబ్ ఛానల్‌కి ఇస్తున్నట్టయితే ఒప్పందంలో నాలుగు విషయాలు చూడండి: హక్కు ఎన్నేళ్లకి, ఆదాయంలో వాటా ఎంత, రీమేక్, డబ్బింగ్ హక్కులు ఎవరివి, ఫెస్టివల్స్‌లో ఆడించుకునే స్వేచ్ఛ ఉందా. "శాశ్వతంగా" అన్న మాట కనిపిస్తే దాన్ని కొట్టేయించి "రెండేళ్లు" అని రాయించండి. కథ హక్కు ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వొద్దు, రేపు అదే కథని రెండు గంటల సినిమాగా తీయాల్సింది మీరే కావచ్చు. విడుదల రోజుకి ముందు ఫిల్మ్‌ఫ్రీవేలో ఇంకా ‘పరిశీలనలో’ అని చూపిస్తున్న ఎంట్రీలేమైనా ఉన్నాయేమో తెరిచి చూసుకుని, ఆన్‌లైన్‌ని ఒప్పుకోని ఫెస్టివల్స్ ఫలితం వచ్చాకే తేదీ ఖాయం చేయండి.